రంగం బెల్లం

"దేనికండీ?" అన్నాడు కొట్టతను, గొంతు తగ్గించి. అనకాపల్లిలో నల్లబెల్లం అడిగితే సారా కాయడానికే అనుకుంటారు. అతను దిమ్మ పగలగొట్టగానే మాడువాసన గుప్పుమంది. హుస్సేన్ సాయిబుగారి గోడౌను కళ్ళముందుకొచ్చింది.

అరవైల్లో నేను ఆయన దగ్గర గుమస్తాని. ఆయన రంగానికి బెల్లం ఎగుమతి చేసేవారు. బర్మాలోని రంగూన్‌ని మావైపు రంగమనే అంటారు. అక్కడ ఆయన అన్నగారికి కొట్టుండేది. కొత్తలో నేను పచ్చగా మెరిసే దిమ్మలు ఏరబోతే ఆయన నవ్వి ఆపారు.

"అవి మనోళ్ళకి. బర్మావోళ్ళు అన్నం తిన్నాక, పంచదార లేని టీ తాగుతా తాటిబెల్లం బుగ్గనెట్టుకుంటారు. ఈ మాడుబెల్లంలో ఆళ్ళకి ఆ రుసి తగుల్తాది. మన కంటికి బాగుంటే సాల్దు, ఆళ్ళ నాలిక్కి నచ్చాల."

అందుకే కె. కోటపాడు రైతుల చేత పాకం కావాలనే ముదరబెట్టించేవారు. తోటి వర్తకులు వేళాకోళం చేసినా ఆయనకు పట్టేది కాదు.

ఒక ఏడు బెల్లం వంటలు ముమ్మరంగా సాగుతుండగా కబురొచ్చింది. బర్మా ప్రభుత్వం కొట్లు స్వాధీనం చేసుకుందట, మనవాళ్ళ వ్యాపారం ఇక సాగదట. అన్నగారు కట్టుబట్టలతో ఓడ దిగారు. ఆ వెనకే కోటపాడు నుంచి బెల్లం బళ్ళూ వచ్చాయి. తిప్పి పంపేద్దామన్నాను. రైతు సన్యాసినాయుడి మొహం పాలిపోయింది.

"ఇంకెవుడు కొంతాడండీ? మీరు సెప్పబట్టే కదా నల్లగా ఒండేం!"

"నా మాట మీద ఒండేవు. దింపు" అన్నారు సాయిబుగారు. ఆ మాటతో ఆయన మునిగిపోతారని అక్కడున్న అందరికీ తెలుసు.

వానలొచ్చాయి. బెల్లం చెమ్మగిల్లి, నల్లగా కారి గుమ్మం దాటింది. అప్పుడొచ్చారు దొంగసారా కాచేవాళ్ళు, మొత్తం కొనుక్కుపోతామని. అమ్మేయమని బతిమాలాను. ఆయన గుమ్మంలోనే కూలబడ్డారు.

"అన్నం తిన్నోడి నోరు తీపి సెయ్యడానికి ఒండించేనురా. సారాకి ఇవ్వను."

బెల్లమంతా మట్టిపాలైంది. గోడౌను చేతులు మారింది. మరుసటేడు ఆయన పోయారు. అంత పంతం ఎందుకని నాకిప్పటికీ కోపం వస్తుంది. కోపం తగ్గాక ఏడుపొస్తుంది.

రోజూ భోజనమయ్యాక పంచదార లేని టీ పెట్టుకుని, నల్లబెల్లం ముక్క బుగ్గన పెట్టుకుంటాను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.

కొట్టతను ఇంకా నా మొహమే చూస్తున్నాడు.

"తినడానికేనయ్యా" అన్నాను.

అతను నమ్మలేదు.