నల్ల తెర మీద ఆగిన వేలు

“నేనేమన్నా దొంగనా నాన్నా? ఆ నిఘా సాఫ్ట్‌వేర్ తీసెయ్.”

“నీ లాప్‌టాప్‌లోకి దొంగలు రాకుండా పెట్టానమ్మా.”

“పొద్దున్నే నేనెప్పుడు తెరుస్తానో కూడా చూస్తున్నావుగా! నేనెప్పుడు లేస్తే నీకేంది?”

నడికుడి స్టేషన్లో నా పక్కన కూర్చున్నాయన, హాస్టల్లో ఉన్న కూతురితో ఫోన్లో వాదిస్తున్నాడు. స్పీకర్ పెట్టడంతో అంతా వినబడుతోంది. చివరికి ఒళ్లో ఉన్న కంప్యూటర్ నల్ల తెర మీద, ఆ సాఫ్ట్‌వేర్‌ని తీసేసే కమాండ్ టైపు చేశాడు. ఆఖరి మీట దగ్గర వేలు ఆగింది.

“నొక్కవేందయ్యా?” అన్నాను.

“పొద్దున్నే మా అమ్మాయి కంప్యూటర్ తెరిస్తే ఇక్కడ పచ్చచుక్క వెలుగుద్దమ్మా. పిల్ల లేచిందని అప్పుడు కాఫీ తాగుతా.”

నొక్కాడు. తెర మూలనున్న పచ్చచుక్క ఆరిపోయింది.

నా మనవరాలూ హాస్టల్లోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే మిస్డ్‌కాల్ ఇచ్చి లేపుతాను. విసుక్కుంటూనే తిరిగి చేస్తుంది.

మర్నాడు నేను మిస్డ్‌కాల్ ఇవ్వలేదు. తనే చేస్తుందేమోనని ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎండ గడప దాటి లోపలికొచ్చింది. ఫోన్ మోగలేదు.