మలుపు దగ్గర కుక్క

పోస్టు డబ్బా దగ్గర నుంచి పాత ఆసుపత్రి గోడ దాకా ఉన్న రోడ్డును ఊడ్చేది ఆవిడ. ఆ రోడ్డు మధ్యలో మోచేయి వంచినట్టు ఒక మలుపు ఉంది. ఆ మలుపును ఊడ్చినంత శ్రద్ధగా ఆవిడ తన గడప కూడా ఊడ్చుకోలేదని తోటి పనివాళ్ళు నవ్వేవారు. అలా ఆవిడకు మలుపు అత్త అని పేరు పడిపోయింది. హాజరు పుస్తకంలో ఉన్న అసలు పేరు, పని చూసే మేస్త్రీకి కూడా ఒక్కోసారి గుర్తొచ్చేది కాదు.

"మలుపుకి నెలకో బుద్ధి పుడుతుంది. దాంతో కాపురం చేస్తేగానీ తెలీదు" అనేది అత్త.

ఎండలు ముదిరితే ఇళ్ళు కట్టే చోట్ల నుంచి ఇసుక గాలికి కొట్టుకొచ్చి మలుపు లోపలి అంచున చేరేది. లారీలు అక్కడ ఒరిగినప్పుడల్లా పిడికెడు కంకర రాల్చి పోయేవి. మొదటి వాన పడిన రోజు మరీ అన్యాయం. నెలల తరబడి బళ్ళు కార్చిన నూనె నీళ్ళలో తేలి, రోడ్డంతా సబ్బు రుద్దినట్టు అయ్యేది. ఆ రోజు వడ్రంగి దగ్గర రంపపు పొట్టు అడిగి తెచ్చి చల్లి, అది నూనె పీల్చుకున్నాక ఊడ్చేది. ముసురు పట్టాక రాలిన ఆకులు రోడ్డుకు అతుక్కుపోయి చీపురుకు లొంగేవి కావు. వంగి చేత్తో ఒలవాల్సిందే. చలికాలం పొగమంచులో పక్కన ఉన్న మనిషే కనపడడు కాబట్టి ఆవిడ చొక్కాకు ముందూ వెనకా మెరిసే పట్టీలు ఉండేవి.

ఆ పట్టీలు కుట్టింది ఆవిడ భర్త. ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేసేవాడు. ఎడమ మోకాలు వంగదు, అందుకని కాలు ముందుకు చాపి, దాని మీదే గొడుగు ఆనించుకుని కుట్టేవాడు. ఇక బాగుపడదనుకున్న గొడుగు ఊచలకు ఎర్ర గుడ్డ చుట్టి అత్తకు ఇచ్చేవాడు. వానకు రోడ్డు మీద గుంట పడి నీళ్ళు నిలిస్తే, లోతు తెలియక బళ్ళు దిగబడకుండా, అత్త ఆ ఊచలను గుంట మధ్యలో పాతేది.

"పైనుంచి పడే నీళ్ళకి గొడుగు పట్టేవాళ్ళని చూశాను గానీ, కింద నిలిచిన నీళ్ళకి పట్టేది మీ ఇద్దరే" అని మేస్త్రీ వేళాకోళం చేసేవాడు.

అత్తకు ఉద్యోగం ఇంక పన్నెండు రోజులు ఉందనగా, ఆవిడ స్థానంలోకి ఒక మనిషి వచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి, చలాకీ మనిషి. కొత్తగా చేరిన ఆడమనిషిని ఏడాది దాకా 'కొత్త కోడలు' అనడం ఆ పనివాళ్ళకు అలవాటు. ఈమెనూ అలాగే అన్నారు. ఆమె కూడా తగ్గలేదు. మొదటి రోజే చీపురు భుజాన వేసుకుని వచ్చి, "అత్తా, కోడలొచ్చింది. ఇక నువ్వు కాళ్ళు చాపుకుని పెత్తనం చెయ్యి" అంది.

పని బాగానే చేసింది. మూడో రోజుకల్లా చీపురు పట్టు కుదిరింది. ఒక్క దగ్గరే పేచీ వచ్చింది.

ఊడ్చిన మట్టీ కంకరా కుప్ప పోస్తే, తెల్లవారాక ట్రాక్టరు వచ్చి ఎత్తుకుపోతుంది. మలుపు దగ్గర రోడ్డు వెడల్పు, ట్రాక్టరు ఆగడానికి వీలు. కాబట్టి కుప్ప అక్కడే పోయాలని మేస్త్రీ లెక్క. అత్త మాత్రం మలుపు దాటి నలభై అడుగులు నడిచి, దీపస్తంభం కింద పోసేది. తట్టకెత్తి నాలుగుసార్లు మోయాలి. ట్రాక్టరు వాళ్ళు గొణుక్కుంటూ అక్కడిదాకా నడిచి ఎత్తుకుపోయేవాళ్ళు. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ మోస్తూనే ఉంది. ఎందుకని ఎవరైనా అడిగితే, "నాకదే అలవాటు" అని తేల్చేసేది.

కోడలికి ఆ జవాబు సరిపోలేదు.

"ట్రాక్టరు ఆగేది ఇక్కడ. కుప్ప పోసేది అక్కడ. మధ్యలో నా నడుమేం పాపం చేసింది అత్తా?"

"చెప్పింది చెయ్యవే."

"చేస్తాను. ఎందుకో చెప్పు, చేస్తాను."

అత్త ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తూ ఉండిపోయింది.

మర్నాడు విరమణ కాగితాల మీద సంతకాలకని అత్త పొద్దున్నే తెరిచే వార్డు ఆఫీసుకు వెళ్ళాల్సి వచ్చింది. పని ముగించుకుని ఎనిమిదింటికి మలుపు దగ్గరకు వచ్చి చూస్తే, లోపలి అంచున మోకాలెత్తు కుప్ప. ట్రాక్టరు ఇంకా రాలేదు. బడికి పిల్లల్ని తీసుకెళ్ళే బళ్ళు ఒకదాని వెనక ఒకటి ఆ కుప్ప అంచును రాసుకుంటూ తిరుగుతున్నాయి. ఒక స్కూటరు వెనక చక్రం కంకర మీద కొంచెం జారి, మళ్ళీ నిలదొక్కుకుని పోయింది. వెనక కూర్చున్న పిల్ల నవ్వుతూనే ఉంది. అత్త మాత్రం మంచి చీర కట్టుకుని ఉన్నానన్న ధ్యాస కూడా లేకుండా, ఆ కుప్పను తట్టకెత్తి ఒక్కతే మోసింది.

కోడలు పరుగున వచ్చింది. "నన్ను పిలవచ్చు కదా! చూసేవాళ్ళు ఏమనుకుంటారు, కోడలు గయ్యాళిదనుకోరూ?"

అత్త నవ్వలేదు. దాంతో కోడలికీ కోపం వచ్చింది. "నువ్వున్నన్నాళ్ళూ మోస్తాను అత్తా. నువ్వెళ్ళాక మాత్రం నా వల్ల కాదు. ఉన్న మాట ముందే చెప్తున్నా."

ఆ రోజు అత్తకు అన్నం సయించలేదు. అరుగు మీద ఆయన ఎవరికో గొడుగు కుడుతూ తన మోకాలి కథ చెబుతున్నాడు. ఆ కథ వినని మనిషి ఆ వీధిలో లేడు. అప్పట్లో ఆయన రొట్టెల ఫ్యాక్టరీ నుంచి సైకిలు మీద దుకాణాలకు రొట్టెలు వేసేవాడు. ఒక తెల్లవారుజామున కుక్క అడ్డొచ్చింది. పడ్డాడు. మొదటి ఏడు అది చిన్న కుక్క. ఏటేటా పెరుగుతూ వచ్చి ఇప్పుడు దూడంత నల్ల కుక్క అయింది.

"కిందటిసారి తెల్ల కుక్కన్నావు కదన్నా?" అడిగాడు గొడుగు కుట్టించుకుంటున్నాయన.

"తెల్లదే. బురదలో పొర్లి వచ్చింది."

లోపల అత్త కళ్ళు మూసుకుంది. కుక్క లేదు. ఆ సంగతి ఆవిడకు తెలుసు. తెలుసని ఆయనకూ తెలుసు. ఆయన పడిన రోజు మలుపులో కుప్ప పోసి, ఆవిడ టీ తాగడానికి వెళ్ళి వచ్చేసరికి, కుప్ప మధ్యలోంచి సన్నటి సైకిలు చక్రం చార, పక్కన కంకరలో దొర్లిన రొట్టె. అప్పటికి ఆవిడ పనిలో చేరి నాలుగు నెలలు, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆసుపత్రిలో మేస్త్రీ ఆయన మంచం పక్కన నిలబడి, "ఎలా పడ్డావయ్యా?" అని అడిగాడు. ఆయన ఒక్కసారి భార్య ముఖంలోకి చూసి, "కుక్క అడ్డొచ్చింది" అన్నాడు. అంతే. ఇంటికొచ్చాక ఆయన అరచేతిలో దిగిన కంకర రేణువులను సూదితో ఒక్కొక్కటే తీసింది. తీసేవాళ్ళు మాట్లాడలేదు, తీయించుకునేవాళ్ళూ మాట్లాడలేదు. తర్వాత సైకిలు అమ్మేశారు. గొడుగుల పని మొదలైంది.

ఇప్పుడు కోడలికి చెబితే ఆయన మాట పోతుంది. చెప్పకపోతే ఎవరి కాలో పోతుంది.

ఇంకో నాలుగు రోజులు గడిచాయి. కోడలు తట్ట మోస్తూనే ఉంది, కానీ మోసినప్పుడల్లా ఒక మూలుగు వినిపించేది. ఆ మూలుగు తన చెవికోసమేనని అత్తకు తెలుసు. తాను వెళ్ళిన మర్నాడే కుప్ప మళ్ళీ మలుపులోకి వస్తుందనీ తెలుసు.

ఐదో రోజు సాయంత్రం గాలివానకు కోడలి గొడుగు తిరగబడి, ఊచ విరిగింది. పట్టుకుని అరుగు మీదకు వచ్చింది. అత్త భర్త గొడుగు అందుకుని, ఊచ సరిచేస్తూ అలవాటుగా కథ మొదలుపెట్టాడు.

"నాకీ గొడుగుల పని నేర్పింది ఒక కుక్కమ్మా. అది అడ్డు రాకపోతే నేనింకా రొట్టెలు మోస్తూ ఉండేవాణ్ణి."

"ఎక్కడ పడ్డారు మామయ్యా?"

"మీ మలుపు దగ్గరే. అదిగో, లోపలి అంచున."

కోడలు చేతిలోని టీ గ్లాసు కింద పెట్టింది. చాపి ఉన్న ఆ కాలును చూసింది. తర్వాత తల తిప్పి, గుమ్మంలో నిలబడిన అత్త వైపు చూసింది.

అత్త వచ్చి అరుగు మీద ఆయన పక్కన కూర్చుంది.

"కుక్క లేదు" అంది.

ఆయన సూది ఆగలేదు. "ఉంది. నువ్వు చూళ్ళేదు."

"ఏ రంగు?"

"చీకట్లో రంగేం తెలుస్తుందే?"

అత్త ఆయన కుడి చెయ్యి అందుకుని వెల్లకిలా తిప్పింది. బొటనవేలి కింద, చర్మం లోపల, మినప గింజలో సగం ఉంటుందేమో, నీలంగా ఒక మచ్చ. సూదికి అందక ఉండిపోయిన రాయి.

"ఇది కుక్క పెట్టిందా? నా కుప్ప మీద పడ్డావు. నేను పోసి వెళ్ళిన కుప్ప."

వాన చూరు నుంచి ధారగా కారుతోంది. ఆయన తన అరచేతిలోకి చూసుకుంటూ అన్నాడు.

"గుక్కెడు గంజి పొయ్యకుండా ఇన్నేళ్ళు పెంచానే ఆ కుక్కని. ఒక్క మాటతో తరిమేశావు."

"చాల్లే. దూడంత అయింది. ఇంట్లో చోటు చాలడం లేదు."

ఆయన నవ్వాడు. అత్త కూడా నవ్వబోయింది గానీ, అది నవ్వులా రాలేదు. చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. ఆయన మెల్లగా, "నీ తప్పని నేనెప్పుడైనా అన్నానా?" అన్నాడు. "అనలేదు. అందుకే మోస్తున్నా" అంది అత్త.

కోడలు లేచి నిలబడింది. గొడుగు ఇంకా పూర్తి కాలేదు, వాన ఇంకా తగ్గలేదు. "పొద్దున తీసుకుంటాలే మామయ్యా" అని చెప్పి, తలమీద సంచి కప్పుకుని వానలోకి దిగిపోయింది.

మర్నాడు మేస్త్రీ వచ్చేసరికి కోడలు నాలుగో తట్ట దీపస్తంభం కింద గుమ్మరిస్తోంది. మూలుగు లేదు. "నువ్వూ ఇక్కడేనా? ట్రాక్టరు ఆగేది అక్కడ కదమ్మా?" అన్నాడాయన.

"నలభై అడుగులు నడవలేని ట్రాక్టరేంటండీ? దానికీ మోకాళ్ళ నొప్పులా?" అంది.

ఆ వారం నుంచి ట్రాక్టరు దీపస్తంభం దగ్గరే ఆగుతూ వచ్చింది.

విరమణ అయిన మర్నాడు అత్తకు అలవాటు ప్రకారం నాలుగింటికే మెలకువ వచ్చింది. ఆయనా లేచే ఉన్నాడు. తెల్లవారాక ఇద్దరూ మెల్లగా మలుపు దాకా నడిచారు. రోడ్డు లోపలి అంచు దులిపిన పరుపులా శుభ్రంగా ఉంది. అవతల గుంటలో ఎర్ర గుడ్డ చుట్టిన గొడుగు ఊచలు నిలబడి ఉన్నాయి. కొంచెం వంకరగా పాతింది కోడలు. ఎర్రగా అయితే కనిపిస్తోంది.

ఆయన చేతికర్ర కొనతో రోడ్డును ఒకసారి తట్టి చూశాడు. తర్వాత గబుక్కున అత్త భుజం పట్టుకున్నాడు.

"అదుగో! ఉందన్నానా?"

సరిగ్గా మలుపు లోపలి అంచున, ఊడ్చిన చోటు చల్లగా ఉందని, ఒక కుక్క ముడుచుకుని పడుకుని ఉంది. నల్లదీ కాదు, తెల్లదీ కాదు. దూడంత అసలే కాదు.

"అవునయ్యా, ఉంది" అంది అత్త. ముందుకు నడిచి, వంగి, రెండు చేతులూ చప్పట్లు చరిచింది. "లెయ్యి, లెయ్యి. పక్కకెళ్ళి పడుకో. బళ్ళొచ్చే వేళయింది, ఎవరైనా పడతారు."