నేను నోరు మూయించిన తలుపు

నా చిన్నప్పుడు మా వాడలో గడియారం ఉన్న ఇల్లు ఒక్కటీ లేదు గాని, ఒక బండి తలుపు చప్పుడు మాత్రం అందరికీ తెలుసు. డెబ్బైల నాటి మాట. జహీరాబాద్‌కు ట్రాక్టర్ల కార్ఖానా ఇంకా రాలేదు. బొంబాయి రోడ్డు మీద లారీలు మాత్రం తెంపు లేకుండా పోతుండేవి. ఆ రొదలో ఏ ఇంజను ఎవరిదో తెలిసేది కాదు. కాని ఆ తలుపు తెరుచుకుంటే మాత్రం, ఇనుముతో ఇనుమును కోస్తున్నట్టు ఒక అరుపు పొలాల మీదుగా వచ్చేది. మాట్లాడుతున్న ఆడవాళ్ళు మాట ఆపేవారు. మా అమ్మ చేతిలోని చేట అలాగే ఆగిపోయేది. కాసేపటికి మళ్ళీ చెరగడం మొదలయ్యేది గాని, ఆ చెరగడం వేరుగా ఉండేది.

ఆ రోజుల్లో మనుషులు మంచివాళ్ళని, అందరూ కలిసిమెలిసి ఉండేవారని రాసేవాళ్ళను చదివితే నాకు ఒళ్ళు మండుతుంది. నేను బడికి వెళ్ళింది మూడో తరగతి దాకానే. తర్వాతి చదువంతా పొట్లాలు కట్టి ఇచ్చిన పేపరు ముక్కల మీద నేర్చుకున్నదే. ఆ ముక్కల్లో కూడా ఆ రోజులు మంచివనే ఉండేది. ఎవరికి మంచివో ఒక్కరూ రాయలేదు.

ఆ బండి అల్లం కొనే ఒక సేటుది. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిను, వెనుక సామాను వేసే తొట్టి ఉండేవి. పికప్ అనేవాళ్ళం. దాన్ని నడిపేవాడు సేటు తరఫున పంటల మీద పెత్తనం చేసే మనిషి. అందరూ ముకద్దం అనేవారు. గొంతు ఎప్పుడూ పెంచేవాడు కాదు. అదే ఎక్కువ భయం. డీజిలు మిగులుతుందని దిగుడులో ఇంజను ఆపేసి బండిని జారవిడిచేవాడు. అందుకే ఆయన వచ్చినట్టు చెప్పేది ఆ తలుపు ఒక్కటే.

మా పక్కింటి అక్కకు ఎకరం నేల ఉండేది. మొగుడు పాము కరిచి పోయిన రెండో ఏడు, చిన్న కొడుకును పెట్టుకుని అత్తా కోడలూ కలిసి అందులో అల్లం పెట్టారు. నాటినప్పుడే సేటు ఒక కాగితం తెచ్చి అత్తగారి చేత వేలిముద్ర వేయించుకున్నాడు. పంట తనకు తప్ప ఇంకెవరికీ పోకూడదు. ఎప్పుడు తవ్వాలో కూడా తనే చెప్పాలి. ఆ ఏడు దీపావళి దాటినా ముసురు వదలలేదు. మడుల్లో నీళ్ళు నిలిచాయి. అల్లానికి కుళ్ళు పడితే పైకి కనిపించదు. మొక్కను పట్టి లాగితే చేతికి ఊడి వస్తుంది, ముక్కు మూసుకోవలసిన వాసన వస్తుంది. అక్క చేలో ఒక మూలన మొక్కలు అలా ఊడిరావడం మొదలైంది. తవ్వుకుంటామని ఆమె ముకద్దాన్ని మూడుసార్లు అడిగింది. ఆయన మూడుసార్లూ ఎల్లుండి చూద్దామన్నాడు. కుళ్ళు ముదిరితే పంట ఎంతకైనా ఇచ్చేస్తారని సేటుకు తెలుసు.

మా తాతకు రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఉండేది. బండ్ల ఇరుసులు, లారీ తలుపులు, తాళాలు, ఏది తెచ్చినా బాగుచేసేవాడు. ఒక రోజు ముకద్దం పికప్ తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. తలుపు తెరవగానే రేకు మీది కాకులు లేచిపోయాయి.

“ఉస్తాద్, గీ తలుపు నోరు జర మూయించు. నేను కాలు కింద పెట్టకముందే ఊరంత ఎరుకైతుంది.”

“ఎరుకైతె మంచిదే కద సాబ్,” అన్నాడు తాత. “మర్యాదకు లేచి నిలబడ్తరు.”

“లేచి నిలబడ్డంక నేనేం జూడాలె? కూసున్నప్పుడే జూడాలె.”

తాత నవ్వాడు. బుడ్డిలోంచి గాసునూనె, అంటే కిరోసిన్, తీసి తలుపు మడతబందుల మీద పోశాడు. నాలుగుసార్లు తెరిచి మూశాడు. అరుపు ఆగిపోయింది. ముకద్దం తృప్తిగా వెళ్ళాడు. నాలుగో రోజుకు తలుపు మళ్ళీ అరిచింది, ఇంతకు ముందుకంటే గట్టిగా. మళ్ళీ తెచ్చాడు. తాత మళ్ళీ గాసునూనె పోశాడు. ముసురు గాలికి ఇనుము అంతే సాబ్ అన్నాడు. మళ్ళీ నాలుగు రోజులే.

నాకప్పుడు పదకొండేళ్ళు. తాత దగ్గర పని నేర్చుకుంటున్నాను. మడతబందు బాగుచేసే పద్ధతి నాకు నేర్పింది ఆయనే. పిన్ను కొట్టి బయటికి తీయాలి, గరుకు కాగితంతో తుప్పు పోయేదాకా రుద్దాలి, గ్రీసు కూరి మళ్ళీ దించాలి. వేరే లారీలకు అలాగే చేసేవాడు. ఈ బండికి మాత్రం ఎందుకు గాసునూనె పోస్తున్నాడో నాకు అర్థం కాలేదు. చూపు మందగించినట్టే మతి కూడా పోతోందేమోనని లోపల బెంగ పట్టుకుంది. ఎవరితోనూ అనలేదు. కాని చాయ్ హోటల్ ముందు నలుగురిలో ముకద్దం, “ఉస్తాద్ చేతిల పని పాయె. ఇగ మనుమనికి అన్నం పెట్టుడెట్లనో,” అని నవ్వినప్పుడు నేను అక్కడే ఉన్నాను.

మూడోసారి బండి వచ్చిన నాడు తాత షెడ్డులో లేడు. ఎవరికోసమో ఎద్దులబండి మాట్లాడాలని పొద్దున్నే రాయికోడ్ వెళ్ళాడు. ఎవరికోసమో నాకు చెప్పలేదు. పెద్దవాళ్ళ మాటలు పిల్లల నోట్లో నిలవవని ఇంట్లో ఏదీ మా ముందు అనేవారు కాదు. ముకద్దం అటూ ఇటూ చూశాడు.

“ముసలోడు లేడా? ఉన్నా గంతే, లేకున్నా గంతే.”

“నేను జేస్త,” అన్నాను.

ఆ మాట అన్నప్పుడు నా గొంతులో ఉన్న గర్వం ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. రెండు తలుపులకూ కలిపి నాలుగు పిన్నులు. ఒక్కొక్కటీ కొట్టి తీశాను. అర్ధగంట రుద్దాను. పిన్ను మెరిసేదాకా వదల్లేదు. డబ్బాలోని మంచి గ్రీసు వేలితో కూరాను. తాత పేరు నిలబెడుతున్నానని అనుకున్నాను. తలుపు తెరిచి మూస్తే గాలి కదిలిన చప్పుడు కూడా రాలేదు. ముకద్దం తానే నాలుగుసార్లు తెరిచి చూసుకున్నాడు. ఆపైన నావైపు తిరిగాడు.

“ఎక్కు పోరగా. నువ్వు జేసిన పని నువ్వే జూద్దువు.”

నేను ఎప్పుడూ క్యాబినులో కూర్చోలేదు. ఎక్కాను.

మధ్యాహ్నం వేళ. ముసురుకు వెలుగు లేదు. దిగుడు మొదట్లో ముకద్దం ఇంజను ఆపేశాడు. బండి తడి రోడ్డు మీద తనంతట తానే జారుతూ పోయింది. అద్దం మీద చినుకులు పడే చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎక్కడికి పోతున్నామో నాకు సగం దారిలో తెలిసింది. అక్క చేను పక్కన బండి ఆగింది. చేలో అక్క, అత్తగారు, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు వంగి తవ్వుతున్నారు. ఐదారు గోనె సంచులు నింపి పెట్టారు. పక్కనే కప్పడానికి జొన్నచొప్ప మోపులు సిద్ధంగా ఉన్నాయి. తలుపు అరుపు వినబడగానే చొప్ప కప్పేసి, కలుపు తీస్తున్నట్టు కూర్చోవడం వాళ్ళ లెక్క. తలుపు అరిచిన రోజుల్లో అలాగే గడిచిందట. ఆ మోపులు చూశాకే నాకంతా ఒక్కసారి అర్థమైంది.

ముకద్దం తలుపు తెరిచాడు. చప్పుడు రాలేదు. కాలు కింద పెట్టాడు. నాలుగు వీపులూ వంగే ఉన్నాయి. ఒక్కరూ తల తిప్పలేదు. ఆయన గట్టు మీద మెల్లగా నడిచి పోతున్నాడు. నేను ఒక్క కేక వేస్తే చాలు. నా తలుపును గట్టిగా కొట్టినా చాలు. ఆయన సంచుల దగ్గరికి చేరేదాకా నేను ఆ సీటు మీద అలాగే కూర్చున్నాను. తెలియక గ్రీసు పెట్టానని చెప్పుకోగలను. తెలిశాక అరవనిదానికి ఏం చెప్పుకోను?

“ఏం బిడ్డా, గింత ముసురుల గూడ పనేనా?” అన్నాడు ముకద్దం, ఎప్పటిలాగే మెల్లగా.

అక్క లేచి నిలబడింది. చేతిలో మట్టి కారుతున్న అల్లం దుంప. ఆమె ముందు చూసింది ఆయన్ను కాదు, బండిలో కూర్చున్న నన్ను.

“ఉస్తాద్ మనుమడు,” అని ముకద్దం నావైపు చేయి చూపాడు. “మంచి పనిమంతుడు. తాతను మించిండు.”

నింపిన సంచులు ఆ ఆడవాళ్ళ చేతనే తొట్టిలోకి మోయించాడు. తెల్లారేసరికి సేటు పంపిన కర్ర పట్టుకున్న మనిషి ఒకడు గట్టు మీద కూర్చున్నాడు. సేటు ఎల్లుండి తవ్విస్తాడన్నారు. తొమ్మిది రోజులు పోయాయి. కుళ్ళిన అల్లం వాసన మా ఇంటిదాకా వచ్చింది. అన్నం ముందు కూర్చుంటే అన్నంలోనూ అదే వాసన. కాగితం సేటుది, వేలిముద్ర ముసలమ్మది, కుళ్ళు మాత్రం దేవుడు చేసిందట. ఊరిపెద్దలు అంతకంటే ఏమీ అనలేదు. ఆ పెద్దల్లో కొందరి మనుమలు ఇప్పుడు నాకు నీతులు చెబుతారు.

నేను తలుపు బాగుచేసిన నాటి సాయంత్రమే తాత రాయికోడ్ నుంచి ఎద్దులబండి మాట్లాడుకుని వచ్చాడు. అక్క అల్లాన్ని సేటుకు తెలియకుండా బీదర్ మార్కెట్టుకు చేర్చడానికే అది. షెడ్డులో మూత తీసిన గ్రీసు డబ్బా, నేల మీద తుప్పు పొడి చూశాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను.

“పిన్నులు తీసినవా?”

“తీసిన.”

“మంచిగ రుద్దినవా?”

“రుద్దిన తాతా.”

తాత వంగి ఆ తుప్పు పొడిని వేళ్ళతో నలిపాడు. “గాసునూనె ఉన్న జిడ్డు గూడ కడిగేస్తది. ముసురుకు మూడు దినాలల్ల మళ్ళ తుప్పు పడ్తది. నాకు చేతగాక పోసిన్ననుకున్నవా?” అన్నాడు. “తప్పు నాది బిడ్డా. నీకు పని నేర్పిన. ఎవ్వనికి జెయ్యాలె, ఎవ్వనికి చెడగొట్టాలె, అది నేర్పకపోతి.”

తర్వాత నా చేయి పట్టుకుని పక్కింటికి తీసుకుపోయాడు. అక్క గడపలో కూర్చుని కాళ్ళకు అంటిన ఎర్రమట్టి కడుక్కుంటోంది. తాత ఏదో అనబోతే చేతితో ఆపింది. నావైపు చూసి, “తలుపు మంచిగ జేసినవు తమ్మీ. చప్పుడే రాలె,” అంది. అది తిట్టో, నిజంగా అన్నదో నాకు ఆ రోజు తెలియలేదు. ఇన్నేళ్ళ తర్వాత కూడా తెలియదు. మరుసటి ఏడు ఆమె రోడ్డు పనిలో కంకర మోయడానికి పోయింది.

తాత తర్వాత ఆ షెడ్డు నేనే నడిపాను. తలుపు అరుస్తోందని ఎవరైనా బండి తెస్తే, ఆ అరుపు ఎవరికి అడ్డమైందని ముందు అడిగేవాణ్ణి. కొందరు నవ్వేవారు. కొందరికి కోపం వచ్చేది. కోపం వచ్చినవాళ్ళకు గాసునూనె పోసి పంపేవాణ్ణి.

ఇప్పుడు వచ్చే బండ్లకు చప్పుడే ఉండదు. మొన్న ఒక తెల్ల కారు మా చేను పక్కన ఆగింది. తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయో వినిపించలేదు. ఇద్దరు దిగి, ఎవరినీ అడగకుండా పక్క చేను గట్టు వెంట టేపు పరిచి కొలుస్తున్నారు. ఆ చేను అక్కది. చివరి మూలన ఆమె మనుమరాలు వంగి కలుపు తీస్తోంది. తల తిప్పలేదు. నేను మా చేలో వేసుకున్న మంచం మీంచి లేచి ఆ పిల్లను పేరు పెట్టి అరిచాను. మళ్ళీ మళ్ళీ అరిచాను. ముసలాయనకు చాదస్తం ముదిరిందని ఇంట్లోవాళ్ళు అంటారు. అననీ. తుప్పు పట్టిన గొంతే అయినా పక్క చేను దాకా పోయింది. ఆ పిల్ల లేచి నిలబడింది.