తడి చీరలకు పలికిన తీగ

ఆ రోజుల్లో మొబైల్ ఫోన్లు అందరి చేతికీ వచ్చేశాయి, కాదనను. అయినా దేశంలో ఎక్కడో ఉన్న మనిషితో నా సొంత తీగ మీద మాట్లాడాలని నా పిచ్చి. నాచారంలో ఒక ఇంజినీరింగ్ యూనిట్‌లో ఉద్యోగం, ఉప్పల్‌లో మేడ మీద గది, సొంత రేడియోలో ఎవరితోనైనా మాట్లాడుకోనిచ్చే హ్యామ్ రేడియో లైసెన్సు కొత్తగా వచ్చింది. మనిషికి ఇంకేం కావాలి? (పెళ్లి, అనేది మా అమ్మ.) టెర్రస్ మధ్యన వెదురుబొంగు నిలబెట్టి, దాని మీద నుంచి అటూ ఇటూ సమానంగా రాగి తీగ దింపాను. ఆ రకం యాంటెన్నానే డైపోల్ అంటారు. మొదట తీగను పొడుగ్గా ఉంచి, రేడియోకు తగిలించిన మీటరు ముల్లు కిందికి దిగేదాకా రెండు కొనలూ కొంచెం కొంచెం కత్తిరించాలి; ముల్లు దిగితే తీగ పొడవు కుదిరినట్టు.

ఇంటి ఓనరు అంకుల్ చూసి అంతెత్తున లేచాడు. "ఏందయ్యా గిది? పిడుగు పడితె నీ మీద పడ్తదా, నా ఇంటి మీద పడ్తదా? ఐతారం దాక సూస్త. దీంట్ల నీతోని ఎవ్వడు మాట్లాడకుంటె నేనే కోసేస్త."

"కోస్తె నేను రూమ్ ఖాళీ జేస్త అంకుల్," అన్నాను. (ఎక్కడికి పోతానో నాకే తెలియదు.)

ఆంటీకి మాత్రం తీగ తెగ నచ్చింది. "మంచిగ కట్టినవ్ బిడ్డా, ఉన్న దండెం చాల్తలేకుండె," అంది. శనివారం పొద్దున కటింగ్ ప్లయర్‌తో పైకి వెళ్లేసరికి రెండు కొనలకూ తడి చీరలు వేలాడుతున్నాయి. తీయమనడానికి నోరు రాలేదు. ఆవిడ పంపే పచ్చిపులుసు అలాంటిది మరి. చీరలు ఉండగానే కోసుకుంటూ పోయాను, ముల్లు చక్కగా దిగింది. మధ్యాహ్నం చీరలు ఆరాయి, ఆంటీ తీసుకుని వెళ్లిపోయింది, ముల్లు మళ్లీ ఎక్కి కూర్చుంది. చీరల తడికి తీగ ఉన్నదానికన్నా పొడుగైనట్టు పనిచేసిందట. నేనేమో ఆ లెక్కన కోసి పొట్టి చేసేశాను. అతుకు వేస్తే సరిపోయేది. నేను అతుకు వేయడమా!

ఆదివారం అంకుల్ వచ్చి నా గది గుమ్మంలో నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. "ఆంటీ, జర చీరలు తడిపి ఏస్తరా?" అని అరిచాను.

"నిన్ననే ఉతికిన గద బిడ్డా!" అంటూనే ఆవిడ బకెట్ తెచ్చి, తడి చీరలు ఆరేసి, దూరం జరిగింది. ముల్లు దిగింది. మైకులో పిలిచాను. జవాబు లేదు. మళ్లీ పిలిచాను. అంకుల్ చూపు ప్లయర్ మీదికి పోయింది. అంతలో గరగరల మధ్య నుంచి ఒక పెద్దాయన గొంతు వచ్చింది: "విశాఖపట్నం నుంచండీ. మీ సిగ్నల్ బ్రహ్మాండం! యాంటెన్నా ఏంటండీ?"

"డైపోల్ సార్," అన్నాను. మిగతాది చెప్పలేదు.

"గీ ముచ్చటకు ఫోన్ జేస్తె ఐపోతుండె గదా," అన్నాడు అంకుల్.

"ఫోన్ల మధ్యల కంపెనీ ఉంటది అంకుల్. దీంట్ల మధ్యల ఆంటీ చీరలే ఉన్నయి."

ఆంటీ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. అంకుల్ కాసేపు తీగ వంక చూసి, "ఉండనియ్ తియ్," అని మెట్లు దిగిపోయాడు.

ఇప్పుడు పీర్జాదిగూడలో సొంత ఫ్లాటు. టెర్రస్ మీద తీగలు కట్టకూడదని అసోసియేషన్ వాళ్లు అంటే, బుద్ధిమంతుడిలా తలూపి వచ్చాను. ఉప్పల్ మేడ మీది ఆ కుర్రాడు, అదే ఒకప్పటి నేను, చూసి ఉంటే నన్ను మెట్ల మీదే నిలదీసేవాడు. వాడి ముందు నిజంగా సిగ్గేసింది. నిన్న సాయంత్రం రాగి తీగ కొనుక్కొచ్చాను. మోకాళ్లు మొరాయించకపోతే రేపు కడతాను. వాళ్లు కోస్తే, మళ్లీ కడతాను.