పిన్ని ముక్కుపుడక రంగు

మొన్న విజయనగరంలో ఒక నగల దుకాణంలో, వజ్రాల రంగుకు ఇంగ్లీషు అక్షరాలుంటాయనీ, డి అంటే నీళ్లలాంటి తెలుపనీ, అక్షరాలు దిగేకొద్దీ పసుపెక్కి ధర పడిపోతుందనీ అక్కడి కుర్రాడు మా అక్క మనవరాలికి పాఠం చెబుతుంటే (ఏ, బీ, సీలను ఎవరెత్తుకుపోయారో చెప్పలేదు), ఆ పాఠం నేను పందొమ్మిది వందల అరవైల చివర్లో, ఇదే ఊళ్లో, ఇద్దరు అక్కచెల్లెళ్లు విడిపోబోతుండగా నేర్చుకున్న సంగతి గుర్తొచ్చింది.

అమ్మమ్మ ఒంటిరాయి వజ్రపు దుద్దుల్లో ఒకటి అమ్మకూ, ఒకటి పిన్నికీ వచ్చాయి. అమ్మ తనది పెట్టెలో దాచింది. పొందూరు కోడలైన పిన్ని తనదాన్ని ముక్కుపుడకగా చేయించుకుని పగలూ రాత్రీ తీయలేదు. అక్క పెళ్లికి రెండింటినీ మళ్లీ జత చేయాలన్నది అమ్మమ్మ కోరిక. ఆ పని మీదే అందరం నగల షావుకారు కొట్టుకు వెళ్లాం. ఆయన రెండింటినీ గుమ్మం వెలుగులో, మడిచిన తెల్లకాగితం మీద పక్కపక్కన పెట్టి చూసి, ఒకటి తెలుపు, ఒకటి పసుపు, పసుపుదానికి సగం విలువ కూడా రాదు, జత కుదరదని తేల్చేశాడు.

అమ్మ ముఖం మాడిపోయింది. "అమ్మ దుద్దులు రెండూ ఒక్కలాగే మెరిసేవి. నీది ఎలాగ మారిపోనాదే?"

"నాను మార్సీసినానంటావేటి అప్పా? అయితే మనకీ మనకీ ఈ రోజుతో సరి. పెళ్లికి నాను రాను." పిన్ని లేచి గుమ్మం దాకా వెళ్లిపోయింది.

అక్క ఏడుపు మొదలెట్టింది. నాకప్పుడు ఇరవయ్యేళ్లు, చావుబతుకుల దగ్గర కూడా గంభీరంగా ఉండడం చేతకాదు.

"రాయొక్కటే కాదమ్మా, పిన్ని మొకం కూడా ఎవులో మార్సీసినట్టున్నారు. అదీ పసుపే సూడు!"

చెంపదెబ్బకు సిద్ధపడ్డాను. కానీ అమ్మ నాకేసి చూడలేదు, పిన్ని ముఖంకేసి చూసింది. మీకూ గుర్తుండే ఉంటుంది, పసుపు లేని స్నానాన్ని ఆ రోజుల్లో ఆడవాళ్లు స్నానంగానే లెక్కపెట్టేవారు కాదు.

అమ్మ అడగ్గా షావుకారు పిన్ని రాయిని బిగించిన బంగారు గూడు విప్పాడు. రాయి వెనక ఏళ్ల తరబడి చేరిన నూనే పసుపూ మైనంలా గడ్డకట్టి ఉంది. లోపలి నుంచి వేడి కుంకుడు రసం తెప్పించి రాయిని అందులో వేశాడు. పిన్ని గుమ్మం దిగలేదు, వెనక్కి వచ్చి కూర్చోనూ లేదు. చివరికి తీసి, తుడిచి, అమ్మ రాయినీ గూట్లోంచి విప్పి రెండూ కాగితం మీద పెడితే, ఏది ఎవరిదో షావుకారు కూడా చెప్పలేకపోయాడు.

అమ్మ తన బంగారు ముక్కుపుడక తీసి, పిన్ని బోసిముక్కుకు తనే పెట్టింది. "కదలకే, గుచ్చుకుంటాది" అంది. పిన్ని కళ్లలో నీళ్లు అది గుచ్చుకున్నందుకేనని మేమంతా ఒప్పుకున్నాం.

ఆ దుద్దులే ఇప్పుడు అక్క మనవరాలి చెవులకున్నాయి. దుకాణం కుర్రాడు భూతద్దం పెట్టి చూసి, మంచి రంగు తాతగారూ, ఎక్కడా పసుపన్నదే లేదని తెగ మెచ్చుకున్నాడు. ఉండదు మరి. మన స్నానాల గదుల్లో పసుపుకొమ్ము అరగదీసే సాన కూడా లేదిప్పుడు. ఆ పసుపంటించిన మనిషి పోయి చాలాకాలమైంది.