మోగని కంబం

నంద్యాలలో నేను పనిచేసిన పత్తి మిల్లు కప్పంతా పోత ఇనుప కంబాల మీదే నిలబడి ఉండేది. తెల్లదొరల కాలంలో ఎక్కడో పోతపోసి, రైల్లో తెచ్చి నిలబెట్టారట. లోపల బోలు. కప్పు మీద పడిన వాన నీళ్ళు వాటి గుండానే నేలలోకి దిగేవి. అందుకే పైకి రంగు నిగనిగలాడుతున్నా లోపల తుప్పు తినేసేది. పోత ఇనుము వంగదు. పగలాలనుకుంటే చెప్పకుండా పగులుతుంది. ప్రతి ఏడూ పత్తి రాకముందు మా నాయన ఒక్కో కంబాన్నీ సుత్తితో తట్టి చూసేవాడు. గట్టిదైతే గంటలా మోగేది, పగులుంటే మొద్దుగా పలికేది.

నాయన ఆ మిల్లులో ఫిట్టరు మేస్త్రీ. ముప్పై ఏళ్ళు మిషన్ల రొదలో ఉండి చెవులు పోగొట్టుకున్నాడు. ఆ సంగతి బయటపడితే పని పోతుంది. నేనూ అక్కడే మిషన్లకు పత్తి అందించేదాన్ని గనక, నూనె డబ్బా పట్టుకొని ఆయన వెంట నడిచేదాన్ని. కంబం మోగితే తల ఊపేదాన్ని, ఆయన తర్వాతిదానికి పోయేవాడు. మూడేళ్ళు ఇట్లాగే నెట్టుకొచ్చాం. ఎవరికీ తెలియదనుకున్నాను, అంత తెలివైనదాన్ని.

పందొమ్మిది వందల యాభై ఏడో ఎనిమిదో, ఆ ఏడు దక్షిణం వరసలో చివరి కంబం మోగలేదు. తలుపు దగ్గర నాతో పనిచేసే ఆడవాళ్ళు, చంకల్లో పిల్లలతో, మిల్లు ఎప్పుడు తిరుగుతుందా అని ఎదురుచూస్తున్నారు. కంబం చెడిందంటే మిల్లు ఆగుతుంది. పత్తి బండ్లు వేరే మిల్లుకు మళ్ళుతాయి. మా ఎవరిళ్ళల్లోనూ పొయ్యిలో పిల్లి లేవదు. నేను తల ఊపాను.

నాయన కదల్లేదు. మళ్ళీ తట్టి, ఈసారి అదురు తెలిసేటట్టు కంబానికి అరచెయ్యి ఆనించాడు. నా వైపు చూశాడు. తర్వాత మిల్లు షావుకారు దగ్గరికి పోయి, "ఇది పోయింది సామీ. మార్చేదాకా మిల్లు తిప్పొద్దు," అన్నాడు.

షావుకారు నవ్వాడు. "నీకు యాడ ఇనపడతాదిలే గానీ, నీ కూతుర్నే అడుగుదాం. ఏమ్మా, మోగిందా లేదా?"

అంటే అందరికీ ముందే తెలుసన్నమాట. "మోగింది," అన్నాను.

నాయనకు నా మాట వినపడలేదు, పెదాలు మాత్రం చూశాడు. "ముసలోనికి చెవులతో పాటు బుద్ధి గూడా పోయింది," అని ఒకామె అంటే అందరూ నవ్వారు. నేను నూనె డబ్బా పక్కన పెట్టి నా మిషను దగ్గరికి పోయాను. ఆ పొద్దే ఆయన్ని పనిలోంచి తీసేశారు. వారం తిరక్కముందే ఆళ్ళగడ్డలో మా చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయాడు.

మిల్లు ఆ ఏడంతా నడిచింది. పత్తి అందిస్తూ ఆ కంబం వైపే చూస్తూ ఉండేదాన్ని. ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడంతో నాయనకు మతిపోయిందన్న మాట ఊళ్ళో ఖాయమైపోయింది.

రెండేళ్ళకు నష్టాలొచ్చి మిల్లు మూసేశారు. కంబాలను పాత ఇనుము వాళ్ళకు అమ్మారు. పడగొడుతుంటే చూడబోయాను. చివరి కంబం లోపల జానెడు పగులు, తుప్పు పట్టి ఎర్రగా ఉంది. ఇంటికి కూడా పోకుండా ఆళ్ళగడ్డ బస్సెక్కాను.

నాయన అరుగు మీద కూర్చొని ఉన్నాడు. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, వీధంతా వినేటట్టు అరిచాను. "నాయనా, నువ్వు చెప్పిందే నిజం. కంబం పగిలింది. మోగలేదని నాకు ఆ పొద్దే తెల్సు. అబద్ధం చెప్పినా."

ఇళ్ళల్లోంచి జనం తొంగి చూశారు. నాయన వాళ్ళ వైపు చూసి, నా వైపు తిరిగాడు.

"ఈడ అరిస్తే ఏం లాభం?" అన్నాడు మెల్లగా. "ఆడ చెప్పాల్సింది."

తిరిగొచ్చేసరికి మిల్లు ఉన్నచోట గుంతలు మిగిలాయి. నాతో పనిచేసినవాళ్ళు శనగ కోతలకని కోయిలకుంట్ల దిక్కుకు చెదిరిపోయారు. ఎదురుపడిన ఒకరిద్దరికి చెప్పాను. వాళ్ళకు అదంతా గుర్తే లేదు. నాయన మాత్రం పోయేదాకా మళ్ళీ నంద్యాలలో అడుగు పెట్టలేదు.