రాయల్పాడు సంతకు మా పాత వ్యాను

నన్ను బస్సులోంచి దించిన కండక్టరు ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఎడమ చెవి కింద పుట్టుమచ్చ. ముళబాగిలు బస్టాండులో నా మూడు బట్టల మూటలనూ ఒక్కొక్కటిగా కిందికి తోసి, "ఇది లగేజీ కాదమ్మా, ఇల్లు ఖాళీ చేసుకోని పోతా ఉండారు. లారీ చూసుకోండి" అన్నాడు. బస్సంతా నవ్వింది. కిటికీ పక్కన కూర్చుని నవ్వినావిడ అంతకు ముందు వారమే నా దగ్గర గంటసేపు బేరమాడి జాకెట్టు గుడ్డ కొన్నది. ఆమెను కూడా మరిచిపోలేదు.

మాది కోలారు బంగారు గనుల ఊరు కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి. గల్లాపెట్టె దగ్గర మా ఆయన, మా మరిది కూర్చుంటారు. నేను పదేళ్లుగా చుట్టుపక్కల సంతలకు చీరలూ, లంగాలూ, జాకెట్టు గుడ్డలూ మోసుకుపోయి అమ్ముతాను. అంగడిలో నా పని మగవాళ్లు విప్పినవి మడతపెట్టడం. సంతలో విప్పేదీ నేనే, మడతపెట్టేదీ నేనే, ధర చెప్పేదీ నేనే. ఈ తేడా మా ఇంట్లో ఎవరికీ అర్థం కాలేదు. అర్థమైనట్టు నటించినవాళ్లు కూడా లేరు.

కండక్టరు మీద డిపోకు మూడు ఉత్తరాలు రాశాను. జవాబుగా లగేజీ నియమాల కాగితం ఒకటి పంపారు. ఆ తర్వాత ఆ దారిలో ప్రతి బస్సులోనూ నా మూటలకు చోటు లేకుండా పోయింది. మా మరిది సంతోషపడ్డాడు.

"సంతలు చాలు వదినా. ఇంగ హాయిగా అంగట్లో కూర్చో."

"నేను హాయిగా లేనని నీతో ఎవురు చెప్పినారప్పా? పాత వ్యాను ఒకటి చూస్తా ఉండా. నేనే నడుపుతా."

మా ఆయన ఎప్పటిలాగే మా ఇద్దరికీ తల ఊపాడు. మరిది మాత్రం పట్టుబట్టాడు. "సరే, కొను. కానీ ఒక మాట. వచ్చే ఉగాది దాకా చూస్తా. రోడ్డు మీద ఒక్కసారి నిలబడి పోయిందంటే బండి అమ్మేయాల, సంతలు బంద్. నడిరోడ్డు మీద మా వదిన వ్యాను తోస్తా ఉంటే చూసేదానికి నాకు చేత కాదు."

"ఒప్పుకుంటా" అన్నాను. కోపంలో ఒప్పుకున్నాను. కోపంలో ఒప్పుకున్నవాటిని కూడా నేను వెనక్కి తీసుకోను.

వ్యాను చూడటానికి మా ఆయనను తీసుకుపోలేదు. చాంపియన్ రీఫ్స్‌లో గని పనివాళ్ల లైన్ల ఇళ్లలో ఉండే ఒక ముసలాయనను తీసుకుపోయాను. ముప్పై ఏళ్లు భూమి అడుగున పనిచేసి మేస్త్రిగా రిటైరైన మనిషి. మా అంగడిలో తువ్వాళ్లు కొనే పాత గిరాకీ. వాళ్ల తాత చిత్తూరు పక్క పల్లె నుంచి గని పనికి వచ్చాడట. ఆయనకు బండ్ల గురించి ఏమీ తెలియదు. కానీ బజారులో నన్ను ఇంతవరకు ఎగతాళి చేయని మనుషులు ఇద్దరే ఉన్నారు. రెండో ఆయన మాట్లాడలేడు.

ముళబాగిలులో హైవే పక్కన పాత బండ్లు అమ్మే దళారీ ఒకడు మమ్మల్ని చూసి, నన్ను దాటి మేస్త్రికి నమస్కారం పెట్టాడు. "రండి సార్. బండి మీకా, కొడుక్కా?"

"నాకు" అన్నాను.

"ఆహా. మీ ఇంటాయన రాలేదామ్మా?"

ఇదీ గుర్తు పెట్టుకున్నాను. వాడు తెల్లగా మెరిసిపోతున్న ఒక వ్యాను దగ్గరకు తీసుకుపోయాడు. మీటరు నలభై వేల కిలోమీటర్లే చూపిస్తోంది. నేను తలుపు తీసి మొదట బ్రేకు పెడల్ చూశాను. రబ్బరు మీది గీతలన్నీ అరిగి నున్నగా ఉంది. స్టీరింగు చక్రం మీద పట్టుకునేచోట తోలు లేచిపోయింది. నలభై వేలకే ఇంత అరగదు. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. మేము వస్తున్నామని తెలిసి ముందే స్టార్ట్ చేసి ఉంచాడు. చల్లబడిన ఇంజను ఎలా లేస్తుందో చూస్తే కదా దాని గుణం తెలిసేది.

ఈలోగా మేస్త్రి జేబులోంచి జానెడు ఇనుప కడ్డీ తీసి, వ్యాను పక్కలను మెల్లగా తట్టడం మొదలుపెట్టాడు. ఠంగ్, ఠంగ్. ప్రతి తట్టుకూ చెవి ఒగ్గి ఆగుతున్నాడు.

"ఏయ్ ముసలాయనా! రంగు పోతాది!"

"ఉండప్పా స్వల్ప" అన్నాడు మేస్త్రి. "మేము లోపలికి దిగినాక పని మొదలు పెట్టకముందు నెత్తిన ఉండే రాయిని ఇట్లే తట్టి చూస్తాము. గట్టి రాయి మోగతాది. ఊడి వచ్చేది డబ్ అంటాది. ఆ డబ్ వినకుండా పోయినోళ్లు మళ్లా పైకి రాలా."

ఎడమ పక్కన వెనక చక్రం మీద తట్టాడు. డబ్. ఇంకో చోట. డబ్, డబ్. తలుపు కింద కూడా. రేకు ఉండాల్సిన చోట సగం పుట్టీ మెత్తి రంగు వేశారు. ఎక్కడో గట్టిగా గుద్దుకున్న బండి.

దళారీ ఆకాశం వైపు చూశాడు. నేను చాలా రోజుల తర్వాత మనసారా నవ్వాను.

గోడ పక్కన దుమ్ములో ఇంకో వ్యాను ఉంది. బూడిద రంగు, డీజిలు. మీటరు రెండు లక్షల ఎనభై వేలు దాటింది. వాడు దాన్ని చూపించనే లేదు. "అది ముసల్ది అమ్మా, మీకెందుకు?" అన్నాడు. నాకు వెంటనే దాని మీద అభిమానం పుట్టింది. మేస్త్రి చుట్టూ తిరిగి తట్టాడు. ఒక్కచోట కూడా డబ్ అనలేదు. పెడళ్లు అరిగాయి, సీట్లు అరిగాయి, మీటరూ అదే చెబుతోంది. దానిలో ఏదీ తన వయసు దాచలేదు. డ్యాష్‌బోర్డు కింద ఆయిలు మార్చినప్పుడల్లా రాసిన చీటీలు తీగకు గుచ్చి ఉన్నాయి. పాత యజమాని చిత్తూరు దారిలో ప్యాసింజర్లను తోలేవాడట. ఒక్క చీటీ తప్పలేదు. తాళం తిప్పితే చల్లటి ఇంజను ఒక్కసారి దగ్గి లేచింది. పొగ కాస్త వచ్చి పోయింది. కొన్నాను.

ఆ ఏడాది నా జీవితంలో మంచి ఏడాది. వెనక సీట్లు తీయించి మూటలకు చోటు చేశాను. తెల్లవారగానే ఆయిలు పుల్ల తీసి జాకెట్టు గుడ్డ ముక్కతో తుడిచి చూసేదాన్ని. రేడియేటర్‌లో నీళ్లు, టైర్లలో గాలి, ఫ్యాను బెల్టు. మెకానిక్కు పది వేల కిలోమీటర్లకు ఆయిలు మార్చమంటే ఏడు వేలకే మార్పించేదాన్ని. అతను ఒకసారి కొత్త ఫిల్టరు వేశానని చెప్పి పాతదే దులిపి వేశాడు. అప్పటి నుంచి పని జరుగుతున్నంతసేపూ స్టూలు వేసుకుని పక్కనే కూర్చున్నాను. "ఇంత పాతదానికి ఇంత ముద్దా అమ్మా?" అన్నాడు. అదీ గుర్తుంది.

సంతల దారిలో కిటికీ దించి నడుపుతుంటే మామిడి తోటల పూత వాసన లోపలికి వచ్చేది. తిరిగి వచ్చేటప్పుడు మూటలు తగ్గేవి, మనుషులు ఎక్కేవాళ్లు. కోడిపుంజుతో ఒకామె, పుట్టింటికి పోయే బాలింత. ఎవరినీ దించలేదు. ప్రతి ఆదివారం మరిది వ్యాను చుట్టూ తిరిగి, "ఇంగా నడస్తా ఉండాదా?" అని అడిగేవాడు. "నీ కళ్ల ముందే ఉండాది కదప్పా" అనేదాన్ని.

ఎండాకాలం వచ్చింది. కేజీఎఫ్‌లో ఎండాకాలమంటే సైనైడ్ దిబ్బల మీది గాలి. గనుల్లోంచి తీసి, బంగారం లాగేసి పారబోసిన పిండి అది. గాలి లేస్తే వచ్చి వాకిట్లో, వంటింట్లో, చీర మడతల్లో పడుతుంది. బజారులో బట్టల అంగళ్లవాళ్లం అందరం బీరువాల మీద పాత పంచెలు కప్పుతాం. మెకానిక్కు ఎయిర్ ఫిల్టరు తీసి తట్టి, "చూడమ్మా, ఎంత దుమ్మో. దీన్ని లోపలికి పోనీయకుండా చూసుకోవాల" అన్నాడు.

చూసుకోవడం నాకు తెలుసు. ఇంటికి వచ్చి, మా అంగడిలోని మంచి పల్చటి మల్లు గుడ్డను రెండు మడతలు వేసి, ముందు చక్రం పైన ఇంజను గాలి పీల్చుకునే గొట్టం మూతికి బిగించి కట్టాను. ముడి కూడా అంగడి ముడే, లాగితే ఊడనిది. గొప్ప పని చేశాననుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే మెచ్చుకోరని తెలుసు.

ఉగాదికి నాలుగు రోజుల ముందు రాయల్పాడు సంత. ఏడాదిలో అన్నిటికంటే పెద్ద బేరం ఆ రోజే. మూటలు ఎక్కువని మరిది కూడా వచ్చాడు. సాయం కోసమా, సాక్ష్యం కోసమా అని నేను అడగలేదు. ముందు రోజు సాయంత్రం, మామిడి కాయల కాలంలో వచ్చే మామిడి వాన ఒకటి కురిసింది. రోడ్డంతా తడి. చక్రం కింద నీళ్లు పైకి చిమ్ముతున్నాయి. శ్రీనివాసపురం దాటాక బండిలో బలం తగ్గింది. నేను ఆక్సిలరేటర్ తొక్కుతున్నాను, అది వినడం లేదు. ఎత్తు దారి మొదలవగానే వెనక నల్లటి పొగ.

"అయిపాయ" అన్నాడు మరిది.

"ఏమీ అయిపోలా." ఫస్టు గేరులో వేశాను. ఒక మోపెడ్ బండి మీద పచ్చగడ్డి మోపుతో పోతున్నాయన మమ్మల్ని దాటిపోయాడు. సైకిలాయన దాటిపోయాడు. ఇద్దరూ వెనక్కి తిరిగి చూశారు.

"నిలబడింది వదినా. ఒప్పుకో."

"నిలబడలా. తల బయట పెట్టి చక్రం చూడు. తిరగతా ఉండాదా లేదా?"

మరిది నిజంగానే తల బయట పెట్టాడు. కాసేపు చూశాడు. "తిరగతా ఉండాది" అన్నాడు, ఏడుపు గొంతుతో. "కానీ గడియారం ముల్లు కన్నా మెల్లగా."

"వేగం మాట నువ్వు అనలా. నిలబడితే అన్నావు."

ఆ పొగలో పదేళ్ల సంతలు పోతున్నట్టుంది. లోపల మాత్రం దళారీకి, మెకానిక్కుకు, డీజిలు పోసినవాడికి వేరువేరుగా తిట్లు కూర్చుకుంటున్నాను. సంత మైదానం చేరి మా చోటులోకి వచ్చాకే బ్రేకు వేశాను. అప్పుడు ఆగింది. నేను ఆపాను కాబట్టి ఆగింది. ఆ మాట మరిదికి రెండుసార్లు చెప్పాను.

మేస్త్రికి ఫోను చేశాను. "పొగ ఏ రంగమ్మా?" అన్నాడు.

"కర్రిగా."

"అయితే దానికి ఊపిరాడతా లేదు. గని అడుగున గాలి తలుపు మూసుకుంటే మాకూ అట్లే, దీపం మసకబారి పొగ వచ్చేది. పని చేసేవాళ్లకు బలం ఉండేది కాదు. గాలి వచ్చే దారి యాడుండాదో చూడు, ఏదో అడ్డం పడింది."

ఫోను చేతిలో ఉండగానే నాకు తెలిసిపోయింది. మూటలు దించే నెపంతో మరిదిని అవతలికి పంపి, ముందు చక్రం దగ్గర కూర్చుని చెయ్యి లోపల పెట్టాను. నా మల్లు గుడ్డ. దిబ్బల దుమ్ము, వాన నీళ్లు కలిసి దాని మీద రొట్టెలా గట్టిపడ్డాయి. గాలి దూరే సందు లేదు. ముడి లాగితే రాలేదు. బాగా కట్టాను మరి. పళ్లతో లాగుతుండగా వెనక మరిది నిలబడ్డాడు.

"వదినా, అది మన అంగడి గుడ్డ కదా? అంచు నాకు తెలుసు."

ఏడాదంతా ఎవరెవరిని తప్పు పట్టాలో సిద్ధం చేసుకున్న మనిషిని. ఒక్కరూ మిగల్లేదు.

"నేనే కట్టినా" అన్నాను. "దుమ్ము పోకుండా."

"ముక్కు మూసినావు వదినా దానికి!" మరిది నేల మీద కూర్చుని నవ్వాడు. పక్కన గాజులు అమ్మేవిడ ఏమిటని అడిగింది. చెప్పాడు. ఆమె మిరపకాయలావిడకు చెప్పింది. నిమిషంలో సంత సగం నవ్వుతోంది. నేను పళ్లతో ముడి విప్పి, గుడ్డ లాగి పారేసి, ఎక్కి తాళం తిప్పాను. వ్యాను ఒక్క అరుపు అరిచింది. పొగ లేదు. ఆ అరుపుకు నాకూ నవ్వు ఆగలేదు. కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాను.

ఆ నవ్వులకే జనం వచ్చారు. వచ్చినవాళ్లు చీరలు చూశారు. మధ్యాహ్నం దాకా మరిది ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. జాకెట్టు గుడ్డలు చింపుతూనే ఉన్నాడు. ఒక ముసలమ్మ కూతురికి ఏ రంగు పెడితే బాగుంటుందో వాడిని అడిగితే, వాడు నన్ను అడిగాడు. ఆమె కూతురు నల్లగా, పొడుగ్గా ఉంటుందనీ, పోయిన ఏడాది ఆకుపచ్చ కొన్నదనీ నేను చెప్పాను. మరిది చింపుతున్న గుడ్డ పక్కన పెట్టాడు.

"ఇవన్నీ నీకు ఎట్ల గుర్తుంటాయి వదినా?"

"నాకు అన్నీ గుర్తుంటాయి" అన్నాను. "నువ్వన్నవి కూడా."

ఉగాది అయిపోయిన రెండో రోజు ముళబాగిలు సంత. పొద్దున నేను ఆయిలు పుల్ల చూడటానికి పోయేసరికి మూటలన్నీ వ్యానులో ఎక్కించి ఉన్నాయి. మరిది ముందు సీటులో కూర్చుని, "ఆలస్యమైతా ఉండాది, రా" అన్నాడు. ఓడిపోయాననే మాట మాత్రం ఇంతవరకు అనలేదు. ప్రతి సంతకు పోయేటప్పుడు అడుగుతూనే ఉన్నాను. దారిలో వాడు కిటికీలోంచి తోటలు చూస్తుంటాడు.